మార్టూరు దాటిన ఊపిరి

2023వ సంవత్సరం. గుంటూరులో మిర్చి సీజను ముదిరిన రోజులు. యార్డుకి వెళ్ళే బస్తాల లారీలు పొద్దున్నుంచీ మా వీధి చివర బారులు తీరి ఉండేవి. అవి కదిలినప్పుడల్లా గాలిలో ఘాటు లేచేది. షాపులో కూర్చున్నవాడూ, ఆటోవాడూ, బడికెళ్ళే పిల్లా అందరూ ఒకేసారి తుమ్మేవాళ్ళు. మా ఊళ్ళో ఆ కొన్ని నెలలూ దగ్గుని ఎవరూ దగ్గులా చూడరు. ముక్కు తుడుచుకుని ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు. నేను చెప్పబోయే సంగతంతా అక్కడే మొదలయింది.

నేను చిన్నపిల్లల క్లినిక్కులో ఆయాని. పొన్నూరు దగ్గర పల్లెలో అయిదో తరగతి దాకా చదివాను. పెళ్ళయి గుంటూరొచ్చి, మా పెద్దవాణ్ణి బళ్ళో వేసిన ఏడే ఈ పనిలో చేరాను. ఇప్పుడు వాడి పిల్లలు బడికెళుతున్నారు, నేనింకా అదే స్టూలు మీద కూర్చుంటున్నాను. టోకెన్లు పిలవడం, బరువు చూడటం, సూది వేసేటప్పుడు పిల్లల్ని పట్టుకోవడం నా పని. వేలికి ఆక్సీమీటరు తగిలించేదీ నేనే. అది బట్టల క్లిప్పులాగా ఉంటుంది, రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో అంకెల్లో చూపిస్తుంది. వీటన్నిటికంటే కష్టమైన పని ఇంకొకటుంది. తల్లుల్ని పట్టుకోవడం.

మా డాక్టరమ్మ గారికి ఒక పద్ధతుంది. ఉబ్బసం, ఫిట్సు, షుగరు లాంటి ఏళ్ళ తరబడి ఉండే జబ్బులున్న పిల్లలు పదహారు దాటాక ముందు తాము ఒక్కరే గదిలోకి వెళ్ళాలి. జబ్బు పేరేమిటో, మందు ఎప్పుడు ఎంత వాడాలో, ఏం జరిగితే పరుగెత్తి రావాలో తమ నోటితో తామే చెప్పాలి. ఆ తర్వాతే తల్లిని పిలుస్తారు. దీన్ని ఆవిడ ట్రాన్సిషన్ అంటారు. పిల్లల డాక్టరు దగ్గర్నుంచి పెద్దల డాక్టరు దగ్గరికి, తల్లి చేతిలోంచి పిల్లల చేతిలోకి ఆ జబ్బు బాధ్యత మారడం అన్నమాట. లోపల ఆ మాటలు జరుగుతున్నంతసేపూ తల్లి బయట బెంచీ మీద ఉండాలి. ఉంచడం నా ఉద్యోగం.

దీవెన తల్లి సలోమిని ఉంచడం మాత్రం నా వల్ల అయ్యేది కాదు.

వాళ్ళది మార్టూరు అవతల పల్లె. తండ్రి ప్రసాదు గుంటూరు నుంచి సింగరాయకొండ వెళ్ళే బస్సులో కండక్టరు. సలోమి వాళ్ళకున్న కాస్త పొలంలో మిరప వేసి చూసుకునేది. దీవెన ఒక్కతే కూతురు. అడుగులు సరిగా పడకముందే పిల్లకి ఆయాసం పట్టుకుంది. దీవెనకి పీల్చే మందులు రెండుండేవి. ఒకటి కంట్రోలర్. ఒంట్లో బాగున్నా బాగోలేకపోయినా దాన్ని రోజూ పీల్చాలి, లోపలి వాపుని అణిచి ఉంచుతుంది. రెండోది నీలం రంగుది, రిలీవర్ అంటారు. ఊపిరి ఆడనప్పుడు ఛాతీలోని గాలి గొట్టాలు తెరుచుకోవడానికి. ఆ నీలం డబ్బా దీవెన దగ్గర ఎప్పుడూ ఉండేది కాదు, సలోమి రొంటిన ఉండేది. చేలోకెళ్ళినా, చర్చికెళ్ళినా, పెళ్ళి పందిట్లో వడ్డిస్తున్నా ఆవిడ చీర కుచ్చిళ్ళ పక్కన ఆ డబ్బా బుడిపెలా కనిపించేది.

పదిహేడో ఏట దీవెనని మొదటిసారి ఒంటరిగా లోపలికి పంపాం. గదికి తలుపు లేదు, పరదా.

"నీలం మందు ఎప్పుడు వాడతావు దీవెనా?" అని డాక్టరమ్మ గారు అడిగారు.

"ఆయాసం వచ్చినప్పుడు రెండు పఫ్‌లండీ!" అని బయట్నుంచి సలోమి.

"నేను దీవెనని అడిగానమ్మా."

"అదీ అదే చెబుద్దండీ!"

లోపల ఇద్దరూ నవ్వారు. నేను సలోమి భుజం పట్టుకుని బెంచీ మీద కూలేశాను. "దాని నోరు దాన్ని తెరవనీ సలోమీ. నీకు అరిగిపోయేదేముంది?"

"దానికేం తెలుసు వదినా? దాని దగ్గు నాకు తెలుసు గానీ దానికి తెలీదు."

ఆవిడ గొప్పకి అనలేదు. పొయ్యి దగ్గర కూర్చుని, వసారాలో పిల్ల దగ్గితే అది మిరప దగ్గో జబ్బు దగ్గో చెప్పేసేది. కల్లంలో కాయలు ఎండే రోజుల్లో ఇంటిల్లిపాదీ దగ్గుతారు కదా, అందులోంచి కూతురి దగ్గుని వేరు చేసి వినేది. నేనొకసారి ఎట్లా అని అడిగాను.

"మిరప దగ్గయితే కళ్ళమ్మట నీళ్ళు కారతాయి వదినా. జబ్బు దగ్గు పొడిగా ఉంటది. ఇంక ఊపిరిలో ఆ పిల్లికూత ఉందే, అది నా చెవికే తెలుసుద్ది."

పరదా పక్కకి జరిపి బయటికొచ్చిన డాక్టరమ్మ గారు ఆ మాట విన్నారు. "ఆ చెవులు పిల్లకి రావాలమ్మా" అన్నారు.

"చెవులెట్టా ఇస్తామండీ? కమ్మలైతే ఇయ్యగలను" అంది సలోమి. క్లినిక్కంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఇంకో ఏడాదికి ఆ పిల్ల చదువుకని ఇల్లు దాటుతుందని నాకు తెలుసు.

అట్లాగే దాటింది. డిగ్రీకి గుంటూరులో చేరి, మా క్లినిక్కుకి కాస్త దూరంలో ఆడపిల్లల హాస్టల్లో ఉంది. దింపడానికి వచ్చిన రోజు సలోమి రొంటినున్న డబ్బా తీసి కూతురి చేతిలో పెట్టింది. దీవెన వేసుకున్న చుడీదారుకి జేబు లేదు. హాస్టలుకెళ్ళాక దాన్ని పెట్టెలో బట్టల కింద పెట్టింది. పక్క మంచం పిల్ల చూసి, "అదేంటే, సెంటా?" అని అడిగితే, "ఆ, సెంటే" అందట. కొత్తవాళ్ళ మధ్య మొదటిరోజే జబ్బు పేరు చెప్పుకోవడం ఆ వయసు పిల్లకి ఎంత కష్టమో మనకి తెలియనిదా!

కంట్రోలర్ సంగతి అంతకన్నా అన్యాయం. ఇంట్లో అయితే పళ్ళపొడితో పాటు అదీ చేతికొచ్చేది. ఇక్కడ ఇచ్చేవాళ్ళు లేరు. పిల్లకి ఒంట్లో హాయిగానే ఉంది. ఒక పూట మర్చిపోయింది, ఏమీ కాలేదు. ఇంకో పూటా ఏమీ కాలేదు. తర్వాత అసలు గుర్తే రాలేదు.

ఆ 2023 సీజను మధ్యలో ఒకనాడు హాస్టలు వంటామె పచ్చడికని ఎండుమిరపకాయలు వేయించింది. పొగ మేడ మీద దాకా పోయింది. పిల్లలందరూ దగ్గుతూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ వరండాలోకి పరుగెత్తారట. దీవెనా పరుగెత్తింది, దగ్గింది, నవ్వింది. అందరి దగ్గూ తగ్గింది గానీ దాని దగ్గు తగ్గలేదు. మర్నాడు పొద్దున తల్లికి ఫోన్ చేసింది. ఆ మాటలు నాకు తర్వాత దీవెనే చెప్పింది.

"అమ్మా, దగ్గొస్తంది."

"కళ్ళమ్మట నీళ్ళొస్తన్నయ్యా?"

"వస్తన్నయ్."

"ముక్కు కారతందా?"

"కారతంది."

"అయితే మిరపేలే. మజ్జిగ తాగి కాసేపు పడుకో."

దూరాన ఉన్న ఆ తల్లికి పిల్ల కూత వినపడలేదు. మాటే వినపడింది. మజ్జిగ తాగి పడుకుంది దీవెన.

మర్నాడు మధ్యాహ్నం, టోకెన్లు అయిపోయి నేను అన్నం గిన్నె విప్పుకుంటున్నాను. ఇద్దరు పిల్లలు ఆటోలోంచి దీవెనని దింపి చెరో చంకా పట్టుకుని తీసుకొచ్చారు. భుజాలు పైకీ కిందికీ ఎగురుతున్నాయి, గొంతు కింద గుంట లోపలికి పీక్కుపోతోంది. "ఆయ... మ్మా" అంది. అంతకుమించి మాట రాలేదు. వేలికి క్లిప్పు పెట్టి అంకె చూసి, డాక్టరమ్మ గారి కోసం నేనెట్లా కేకపెట్టానో నాకే గుర్తులేదు.

ఆవిడ ముక్కుకి ఆక్సిజన్ పెట్టి, నెబ్యులైజర్ వేశారు. మందుని సన్నటి పొగలాగా చేసి ఊపిరిలోకి పంపే యంత్రం అది. "నీలం మందు వాడిందా?" అని ఆవిడ అడిగితే నేను వెంటవచ్చిన పిల్లల వైపు తిరిగాను. "నీలం డబ్బా ఏదమ్మా?"

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఒక పిల్ల, "ఆ సెంటు బుడ్డాండీ? పెట్టెలో ఉంది" అంది.

నెబ్యులైజర్ మళ్ళీ మళ్ళీ వేసినా ఛాతీ తెరుచుకోకపోయేసరికి అంబులెన్సు పిలిపించి పెద్దాసుపత్రికి పంపారు. పక్కన నేను కూర్చున్నాను. దీవెన కళ్ళమ్మట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నేను కొంగుతో తుడిచేకొద్దీ వస్తున్నాయి. అప్పుడు బుర్రకెక్కింది నాకు. మిరపా జబ్బూ రెండూ కలిసే వచ్చాయి. ఆ ఘాటే లోపల జబ్బుని లేపింది. రోజూ పీల్చే మందు మానేసి ఉందేమో, అది లేవడానికి అడ్డం లేదు. కళ్ళు కారితే మిరప అనే సలోమి లెక్కలో ఇలాంటి రోజు లేదు.

సలోమి చేలోంచి ఉన్నపళంగా వచ్చింది. చేతులకి మిరపకాయల ఎరుపు అట్లాగే ఉంది. వార్డు గుమ్మంలో కూతుర్ని చూడగానే చెయ్యి గబుక్కున రొంటికి పోయింది. అక్కడ ఏమీ లేదు. ఆ చెయ్యి అక్కడే తడుముతూ ఉండిపోయింది.

పిల్ల తేరుకుని దిండుకి ఆనుకుని కూర్చున్నాక ప్రసాదు తన మాట చెప్పేశాడు. "చదివింది చాలు. ఇంటికి పోదాం. మీ అమ్మ కళ్ళముందుంటే ఇట్టా జరిగేదా?"

"జరిగేది నాన్నా" అంది దీవెన. "అమ్మ ఎదురుగా ఉన్నా నా కళ్ళు చూసి మిరపేలే అనుకునేది."

సలోమి మొహం నల్లబడింది. "అట్టా అనమాకే."

"నిన్ననట్లేదమ్మా. నువ్వు కళ్ళ సంగతి అడిగావు, చెప్పా. గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుందని నాకు తెలుస్తానే ఉంది. అది నువ్వడగలా, నేను చెప్పలా. నువ్వు మిరపన్నావని నేనూ మిరపే అనుకున్నా."

ప్రసాదు కిటికీ వైపు తిరిగాడు. "ఇంకోసారి వస్తే? అప్పుడెవరు మోసుకొస్తారే నిన్ను?"

"ఇంకోసారి మోయించుకునేదాకా ఉండను. ఈ సీజను అయ్యేదాకా చూడు నాన్నా. మళ్ళీ ఇట్టా పడిపోతే నువ్వు పిలవకుండానే నీ బస్సెక్కి ఇంటికొచ్చేస్తా."

చివరికి డాక్టరమ్మ గారు మధ్యవర్తి అయ్యారు. సీజను అయ్యేదాకా దీవెన వారం వారం క్లినిక్కుకి రావాలి, ఒక్కతే రావాలి. ప్రసాదు సరేనన్నాడు గానీ వెళ్ళేటప్పుడు నన్ను పక్కకి పిలిచాడు. "అక్కా, మా పిల్లని చూస్తా ఉండండి" అన్నాడు. చూస్తానన్నాను. అప్పట్నుంచీ నాకు నెమ్మది లేదు. వీధిలో ఎవరు దగ్గినా తలెత్తి చూసేదాన్ని. లారీ మోత వినపడితే ఆ గాలి హాస్టలు వైపు పోతోందా ఇటొస్తోందా అని చూసేదాన్ని.

సలోమి ఒక పని చేసింది. కూతురి చుడీదార్లన్నీ మూటకట్టి తీసుకుపోయి, ప్రతిదానికీ పక్క కుట్టు విప్పి లోపల జేబు కుట్టి పంపించింది. నీలం డబ్బా సరిగ్గా పట్టేంత జేబు. సెంటు సంగతి ఎలాగూ బయటపడిపోయింది. దీవెన గదిలో పిల్లలందర్నీ కూర్చోబెట్టి ఆ మందు ఏంటో, తనకి మాట రాకపోతే ఎట్లా పీల్పించాలో చూపించింది. "సెంటు ఒక్కతే వాడుకుంటందనుకున్నాం గదే, పిసినారిదని" అని ఆ పక్కమంచం పిల్ల ఎగతాళి చేసిందట.

డాక్టరమ్మ గారు దీవెనకి పీక్ ఫ్లో మీటరు ఇచ్చారు. చిన్న గొట్టం, గట్టిగా ఊదితే ముల్లు జరుగుతుంది. ఊపిరి బాగుంటే పైకి పోతుంది, గొట్టాలు బిగుసుకుంటే కిందే ఆగిపోతుంది. రోజూ పొద్దున ఊదమన్నారు. ఊదుతోంది గానీ దీవెనకి ఒక అసంతృప్తి. బెంచీ మీద నా పక్కన కూర్చుని ఒకరోజు అంది: "మీటరు గదిలో ఉంటది ఆయమ్మా. నేను క్లాసులో ఉంటా, రోడ్డు మీద ఉంటా. అమ్మకి వినపడేది నాకు ఎప్పటికి వినపడాలి?"

నేను టోకెన్లు సర్దుకుంటున్నాను. కాసేపటికి తనలో తను ఏదో గొణుక్కోవడం వినపడింది. గబగబా, ఊపిరి తీసుకోకుండా.

"ఏంటే అది? ప్రార్థనా?"

దీవెన నవ్వింది. "కాదు. మా నాన్న బస్సు." చిన్నప్పుడు తండ్రి పాత టికెట్ల సంచి మెడలో వేసుకుని అరుగు మీద కండక్టరు ఆట ఆడేదట. గుంటూరు, చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల, ఒంగోలు, టంగుటూరు, సింగరాయకొండ. ఒక్క గుక్కలో అన్నీ చెబితే ప్రసాదు ఈల వేసేవాడు. మధ్యలో ఆగితే, "బస్సు ఆగిపోయింది, దిగి తొయ్యండ్రా" అని ఏడిపించేవాడు.

చెబుతూ చెబుతూ ఆ పిల్ల ఆగింది. "ఆయమ్మా, ఆగిపోయిన రోజుల్లోనే నాకు ఆయాసం వచ్చేది."

టోకెను వంతు చూడకుండా ఆ పిల్లని లోపలికి తోశాను. డాక్టరమ్మ గారు నవ్వలేదు. శ్రద్ధగా విన్నారు. వచ్చినప్పుడల్లా మీటరు ఊదించి, ఆ వెంటనే ఊళ్ళు చెప్పించారు. ముల్లు పైకి పోయిన రోజు సింగరాయకొండ దాకా పోయేది, కాస్త తగ్గిన రోజు ఒంగోలులో ఆగేది. కొన్నాళ్ళు చూశాక ఆవిడ అన్నారు: "మీటరు మానొద్దు. అది చేతిలో లేనప్పుడు దీన్ని వాడుకో. ఒంగోలు చేరకపోతే నీలం మందు పీల్చి చూసుకో. అయినా తెరిపి లేకపోతే ఎవర్నీ అడగొద్దు, ఇక్కడికొచ్చెయ్. మార్టూరు కూడా దాటలేకపోయావా, మందు పీలుస్తూనే తిన్నగా పెద్దాసుపత్రికి పో." ఇది దీవెన ఒక్కదాని ఒంటికి సరిచూసి చెప్పిన మాట. చదివేవాళ్ళు మీ పిల్లలకి ఈ ఊళ్ళ పేర్లు పట్టించకండి, మీ డాక్టరునే అడగండి.

సీజను చివరికొచ్చింది. ఎండ మండిపోతున్న ఒక పొద్దుటిపూట ఆటో ఆగింది. దీవెన దిగింది, ఒక్కతే. తన కాళ్ళ మీద తనే నడిచి వచ్చింది. నీలం డబ్బా చేతిలో ఉంది.

"మేదరమెట్లలో ఆగిపోయా ఆయమ్మా. మందు పీల్చా. మళ్ళీ చూసుకున్నా, మేదరమెట్లే. అందుకే వచ్చా."

మొహం మామూలుగానే ఉంది. ఆ మొహం చూసి ఎవరూ జబ్బనుకోరు. నేను వేలికి క్లిప్పు పెడుతుండగా దాని ఫోను మోగింది.

"క్లినిక్కులో ఉన్నానమ్మా... కళ్ళ సంగతి వదిలెయ్యమ్మా. లోపలికెళ్తన్నా. వచ్చాక నేనే చేస్తా." కట్ చేసి పరదా పక్కకి జరిపి లోపలికి వెళ్ళిపోయింది.

మరుక్షణం నా ఫోను మోగింది. "వదినా! అది ఫోను పెట్టేసింది!"

"పెట్టేసింది సలోమీ. విన్నాను."

"దాని పెదాలు ఎట్టున్నయ్ వదినా? గొంతు కింద గుంట పడతందా? దగ్గు ఎట్టుందో ఒక్కసారి ఫోను దాని దగ్గర పెట్టు, నేను వింటా."

ఫోను పరదా దగ్గర పెట్టడం నాకెంత పని? చెయ్యి లేచింది కూడా. దించేశాను. "అదే వచ్చి చెబుద్దిలే. కూర్చో" అన్నాను. పొలంలో ఉన్న మనిషిని కూర్చోమన్నాను చూడండి, బెంచీ అలవాటు. సలోమి ఫోను పెట్టలేదు. లోపల నెబ్యులైజర్ మొదలైన చప్పుడు ఇద్దరం విన్నాం. అది ఆగేదాకా అట్లాగే, చెరో చివర ఉండిపోయాం.

కాసేపటికి దీవెన బయటికొచ్చింది. మందు మోతాదు మార్చారని తనే తల్లికి చెప్పింది. మధ్యాహ్నం క్లాసుకి పోతానంటే డాక్టరమ్మ గారు వద్దన్నారు, అది కూడా దాచకుండా చెప్పింది. ఆసుపత్రిలో పడుకోవలసిన అవసరం రాలేదు. సీజను దాటింది. ప్రసాదు ఇంటికి రమ్మనే మాట మళ్ళీ ఎత్తలేదు.

పెద్దల డాక్టరుకి అప్పగించే ముందు చివరిసారి సలోమి కూడా వచ్చింది. దీవెన లోపల, సలోమి నా పక్కన. లోపల డాక్టరమ్మ గారు ఏదో అడిగారు, జవాబు రావడం ఆలస్యమైంది. సలోమి నోరు తెరవబోయి, కొంగు తీసి నోట్లో కుక్కుకుంది. చెయ్యి ఖాళీ రొంటి మీద ఉంది. అప్పుడు దీవెన గొంతు వినపడింది, ఒక్క గుక్కలో. చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల, ఒంగోలు. సలోమి పెదాలు కదులుతున్నాయి. టంగుటూరు, సింగరాయకొండ. ఊపిరి వదలబోయింది సలోమి. లోపల్నుంచి ఇంకా వినపడింది: ఉలవపాడు.

సలోమి నోట్లోంచి కొంగు జారిపోయింది. "మా ఆయన బస్సు అక్కడిదాకా పోదే వదినా!" అంది.

ఈ కేసు తర్వాత తల్లుల్ని భుజం పట్టి కూర్చోబెట్టడం మానేశాను. పక్కన నేనూ కూర్చుంటున్నాను. మీకు తెలిసిన గుర్తులన్నీ పిల్లలకి చెప్పండి అంటున్నాను, ఆ తర్వాత నీకెట్లా తెలుస్తోందని వాళ్ళనీ అడగండి అంటున్నాను. లోపల వాళ్ళు జవాబు వెతుక్కునేటప్పుడు బయట మనకి ప్రాణం కొట్టుకుంటుంది. దానికి మందు లేదు, బెంచీ మీద కూర్చుని ఓర్చుకోవడమే. ఈ ఏడూ లారీలు మొదలయ్యాయి. వీధిలో ఎవరో దగ్గుతున్నారు. తలెత్తి చూస్తూనే ఉన్నాను.